దబ్బపండు, హిస్సోపు, గుగ్గిలం: యూదుల ఆచారంలో మొక్క ఎప్పుడు గుర్తు, ఎప్పుడు మందు?

తెలుగు బైబిలులో లేవీయకాండము 23వ అధ్యాయం 40వ వచనం దగ్గర ఆగితే మన ఊరి పొలంగట్టు మీద నిలబడ్డట్టే ఉంటుంది. పర్ణశాలల పండుగ మొదటి రోజున దబ్బపండ్లు, ఈతమట్టలు, గొంజిచెట్ల కొమ్మలు, కాలువల దగ్గరుండే నిరవంజిచెట్ల కొమ్మలు పట్టుకుని ఏడు రోజులు దేవుడి సన్నిధిలో సంతోషించాలని అక్కడ ఉంది. దబ్బ, ఈత, గొంజి, నిరవంజి: నాలుగూ మన నోట ఆడే పేర్లే. మూలంలోని హీబ్రూ మాటలు ఇంత తేటగా లేవు. దబ్బ అన్న చోట అక్కడున్నది 'పెరి ఎత్స్ హదార్', అంటే సొగసైన చెట్టు పండు అని మాత్రమే. ఆ సొగసైన పండు ఎత్రోగ్ అని యూదుల సంప్రదాయం తేల్చింది. ఎత్రోగ్ మన దబ్బ, మాదీఫలాల వంశానిదే. తెలుగు చేసినవాళ్లు ఆ తీర్పును పట్టుకుని నేరుగా దబ్బ అని రాసేశారు. గొంజి విషయంలో మాత్రం సర్దుకున్నారు. మూలంలో ఉన్నది గుబురాకుల చెట్టు కొమ్మ అని మాత్రమే. సంప్రదాయం దాన్ని హదాస్ అంది, ఇంగ్లిషులో మిర్టిల్. మన పొదల్లో పెరిగే గొంజి వేరు.

ఈ మొక్కల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే 'బైబిలు మూలికలు' అంటూ బోలెడు జాబితాలు దొరుకుతాయి. ఫలానా మొక్కను ఫలానా పూజలో వాడారు, కాబట్టి అది ఫలానా రోగానికి మందు అని వాటి వరస. ఆ 'కాబట్టి' దగ్గరే చిక్కంతా ఉంది. యూదుల గ్రంథాలను ఓపికగా చదివితే దాదాపు అంతటా ఒక గీత కనిపిస్తుంది. ఆచారం కోసం చేత పట్టిన మొక్క ఆ కాసేపు మందుగా ఉండదు. మందుగా వాడుకునేది ఆచారం మొదలుకాక ముందో, ముగిసిన తర్వాతో. ఒకే మొక్క ఆ గీతకు రెండు వైపులా తిరుగుతుంది, నిజమే. కానీ గీత ఎక్కడుందో వాళ్లు ఎప్పుడూ మరిచిపోలేదు.

దీనికి పుత్రదాత కథకన్నా మంచి ఉదాహరణ లేదు. ఆదికాండము 30వ అధ్యాయంలో, గోధుమ కోతల రోజుల్లో, యాకోబు పెద్దకొడుకు రూబేను పొలంలో కొన్ని పండ్లు చూసి తల్లి లేయాకు తెచ్చి ఇస్తాడు. హీబ్రూలో వాటి పేరు దూదాయీమ్. ఇంగ్లిషువాళ్లు మాండ్రేక్ అన్నారు. తెలుగులో 'పుత్రదాత వృక్షపు పండ్లు' అని పెట్టారు. అంటే మొక్క పేరు తెలియని చోట దాని మీద జనానికున్న నమ్మకాన్నే పేరుగా మార్చేశారు. ఇది మన ఉమ్మెత్త కుటుంబానిదే. ఆకులు నేలకు అంటుకుని గుండ్రంగా పరుచుకుంటాయి. వాటి నడుమ పండినప్పుడు పసుపుపచ్చగా, ఘాటైన తియ్యటి వాసనతో పండ్లు కూర్చుంటాయి. వేరు రెండుగా చీలి మనిషి కాళ్లలా ఉంటుంది. ఉమ్మెత్తలో ఉండే రకం విషాలు ఇందులోనూ ఉన్నాయి. మనిషి రూపంలో ఉన్న వేరు మనిషిని పుట్టిస్తుందని మధ్యధరా తీరమంతటా నమ్మారు.

రాహేలుకు పిల్లల్లేరు. అక్క లేయాకు నలుగురు కొడుకులున్నారు. ఇద్దరికీ భర్త ఒక్కడే. ఆ పండ్లు నాకూ కొన్ని పెట్టమని రాహేలు అడుగుతుంది. నా భర్తను తీసుకున్నది చాలదా, నా కొడుకు తెచ్చిన పండ్లు కూడా కావాలా అని లేయా నిలదీస్తుంది. చివరికి బేరం కుదురుతుంది: పండ్లు చెల్లెలికి, ఆ రాత్రికి భర్త అక్కకు. తర్వాత ఏం జరిగిందో చూడండి. పండ్లు ఇచ్చేసిన లేయా గర్భవతి అయ్యి వరసగా ఇశ్శాఖారునూ జెబూలూనునూ, ఆపైన దీనానూ కంటుంది. పండ్లు పుచ్చుకున్న రాహేలు అలాగే ఉండిపోతుంది. చాలాకాలానికి 'దేవుడు రాహేలును జ్ఞాపకము చేసికొని' ఆమె మనవి విన్న తర్వాతే యోసేపు పుడతాడు. 13వ శతాబ్దంలో స్పెయిన్‌లోని గిరోనాలో ఉన్న నహ్మనీదెస్ మతగురువే కాదు, వైద్యుడు కూడా. ఈ చోటికి వ్యాఖ్య రాస్తూ, రాహేలు ఈ పండ్లను వాసన కోసం కోరి ఉంటుందన్నాడు. బిడ్డ పుట్టింది ప్రార్థన వల్లనే గాని మందు వల్ల కాదన్నాడు. ఇవి గర్భం నిలుపుతాయని తాను ఏ వైద్యగ్రంథంలోనూ చూడలేదని కూడా రాశాడు. తెలుగు పేరు జనం నమ్మకం వైపు నిలబడింది. కథ మాత్రం ఆ నమ్మకాన్ని మెల్లగా పక్కకు తప్పించింది.

ఇక హిస్సోపు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే జనం ఎక్కువగా పొరబడేది దీని గురించే.

హీబ్రూలో దీని పేరు ఎజోవ్. ఐగుప్తు నుంచి బయల్దేరిన రాత్రి గొర్రెపిల్ల రక్తంలో హిస్సోపు కుంచె ముంచి ద్వారబంధాలకు పూశారు. శవాన్ని తాకిన మనిషిని శుద్ధి చేయడానికి ఎర్రని ఆవును కాల్చిన బూడిద కలిపిన నీళ్లను హిస్సోపుతోనే చిలకరించారు. కుష్ఠు పోయినవాడి శుద్ధిలోనూ ఇదే. 51వ కీర్తనలో దావీదు 'హిస్సోపుతో నా పాపము పరిహరింపుము' అని వేడుకున్నదీ దీని పేరుతోనే.

ఇంతకీ ఇది ఏ మొక్క? గ్రీకు అనువాదం 'హిస్సోపోస్' అనడంతో ఆ పేరు యూరపుకు వెళ్లి అక్కడి నీలిపూల తోటమొక్కకు అంటుకుంది. ఆ మొక్క ఇశ్రాయేలు నేలలో సహజంగా పెరగదు. 10వ శతాబ్దంలో సాదియా గావోన్, 12వ శతాబ్దంలో మైమోనిదెస్ ఇద్దరూ అరబ్బీలో మాట్లాడి, అరబ్బీలో రాసిన యూదు పండితులు. ఎజోవ్ అంటే మన జాతర్ అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు. నేటి వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని ఒరిగానమ్ సిరియాకమ్ అంటారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మసంహితలో దీనికొక చక్కటి నియమం ఉంది. గ్రీకు హిస్సోపు, రోమా హిస్సోపు, ఎడారి హిస్సోపు, కాటుక రంగు హిస్సోపు పనికిరావు. ముందు ఏ ఇంటిపేరూ తగిలించుకోని ఉత్త హిస్సోపే కావాలి. మూడు కాడలు ఉండాలి, వాటికి మూడు మొగ్గలు ఉండాలి.

చిన్న పొద ఇది. రాళ్ల సందుల్లో, పాత గోడల నెర్రెల్లో మొలుస్తుంది. 'గోడలోనుండి మొలుచు హిస్సోపు' అని సొలొమోను జ్ఞానం గురించి చెప్పే చోట బైబిలు అన్నది ఊరికే కాదు. చిన్నచిన్న ఆకులు బూడిదరంగు కలిసిన పచ్చదనంతో ఉంటాయి, నిండా సన్నటి నూగు. ఆ నూగే దీన్ని కుంచెగా పనికొచ్చేలా చేసింది. ముంచిన ద్రవం జారిపోకుండా నూగులో నిలుస్తుంది, విదిలిస్తే చుక్కలుగా పడుతుంది. ఆకును రెండు వేళ్ల మధ్య నలిపితే వచ్చే వాసన తెలుగువాళ్లకు కొత్త కాదు. పెరట్లో వామాకు తుంచినప్పుడు చేతికి అంటుకునే ఘాటే. కారణం కూడా ఒక్కటే: కార్వాక్రోల్, థైమోల్ అనే నూనెలు. థైమోల్ మన వాములో ఉంది, కార్వాక్రోల్ వామాకులో ఉంది, జాతర్‌లో రెండూ ఉంటాయి. ఇవి సూక్ష్మక్రిములను చంపుతాయని ప్రయోగశాలల్లో తేలింది. ఎండబెట్టి దంచి, నువ్వులూ సుమాక్ అనే పుల్లటి కాయల పొడీ కలిపితే పాలస్తీనా ఇళ్లలో రోజూ రొట్టెతో, ఆలివ్ నూనెతో తినే జాతర్ పొడి అవుతుంది. 1977లో ఇజ్రాయెల్ ఈ మొక్కను రక్షిత జాబితాలో పెట్టి కోతను కట్టడి చేసింది. తరతరాలుగా కొండల మీద కోసుకుంటున్న పాలస్తీనా కుటుంబాలకు అది దశాబ్దాల పాటు మానని గాయమైంది. అడవి మొక్క అంతరించకూడదన్నది న్యాయమే. కానీ పక్కింటివాడి పళ్లెంలో ఉన్నదాన్ని నేరం చేసి ఆ న్యాయం నిలబెట్టడం సరైన దారి అని నాకు అనిపించదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. క్రిములను చంపే నూనె ఉంది, కుష్ఠు శుద్ధిలో వాడారు. అయితే ఇది ప్రాచీన వైద్యమే కదా? లేవీయకాండము 14వ అధ్యాయం తెరిచి మొదటి వచనాలు చూస్తే జవాబు దొరుకుతుంది. యాజకుడు పాళెం వెలుపలికి వెళ్లి రోగిని పరీక్షిస్తాడు. పొడ బాగై రోగిని విడిచి ఉంటేనే రెండు పక్షులు, దేవదారు కర్ర, ఎర్రని నూలు, హిస్సోపు తెప్పిస్తాడు. రోగం పోయిన తర్వాత వచ్చింది హిస్సోపు. అది ఊరికి దూరంగా బతికినవాణ్ణి మళ్లీ ఊళ్లోకి పిలిచే కార్యం. పైగా ఆ అధ్యాయాల్లోని 'కుష్ఠు' ఈనాటి కుష్ఠువ్యాధి కాదు. అది బట్టలకూ, ఇంటి గోడలకూ కూడా పడుతుంది. మరి దేవదారు పక్కన హిస్సోపు ఎందుకు? 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషి, ఈ రోగం గర్వం వల్ల వస్తుందన్న పాత మాటను పట్టుకుని చెబుతాడు: దేవదారులా ఎత్తుకు ఎదిగినవాడు హిస్సోపులా కిందికి దిగాలి. ఎత్తైన చెట్టు, గోడనెర్రెలోని పిలక ఒకే కట్టలో ఉండటమే ఇక్కడ చెప్పదలచిన సంగతి.

హిస్సోపును మందుగా వాడలేదా అంటే, వాడారు. మిష్నా మీద జరిగిన చర్చల గ్రంథం తల్మూదు. అందులోని షబ్బాత్ ప్రకరణంలో కడుపులో పురుగులకు ఏడు ఖర్జూరాలతో కలిపి తినమని ఉంది. అది వంటింటి వైద్యం, దేవాలయంతో సంబంధం లేదు. ఆ చర్చ వచ్చిన సందర్భం ఇంకా ఆసక్తికరం. విశ్రాంతి దినాన అత్యవసరం కాని మందులు తినకూడదు. మరి ఏది మందు, ఏది తిండి? ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా తినేది తిండి, తినవచ్చు. రోగి మాత్రమే తినేది మందు, ఆ రోజుకు ఆపాలి. గ్రీకు హిస్సోపును ఆరోగ్యవంతులు తినరు గనుక వద్దంటుంది మిష్నా. ఒక ఆకు మందా కూరా అన్నది ఆకులో లేదు, దాన్ని ఎవరు ఎందుకు తింటున్నారన్న దాంట్లో ఉంది. అల్లం, మిరియాలు, వాము మీద బతికే మన ఇళ్లలో ఈ తేడాను ఇంత సూటిగా ఎవరూ అడిగి ఉండరు.

ఈ గీతను కాపాడటానికి వాళ్లు గట్టి కంచెలే వేశారు. గాయం మీద 'నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే' అన్న నిర్గమకాండపు వచనాన్ని మంత్రంలా గొణిగేవాడికి పరలోకంలో వాటా లేదని మిష్నా తేల్చేసింది. లేఖనాన్ని లేపనంలా వాడకూడదు. ఇంకోవైపు, నిజంగా నయం చేసేది ఏదైనా అన్యుల మూఢాచారం కిందికి రాదని తల్మూదు అంటుంది. అంటే వైద్యానికి తలుపు బార్లా తీసి, మంత్రానికి మాత్రం మూసింది.

యూదా రాజు హిజ్కియా 'ఔషధాల గ్రంథం' ఒకటి దాచేశాడని, పండితులు మెచ్చుకున్నారని తల్మూదులో ఒక ముక్క ఉంది. ఎందుకు దాచాడు? జనం చప్పున నయమైపోయి దేవుడి ముందు మనసు కరగడం మానేశారు గనుక అని రాషి. మైమోనిదెస్ ఈ వివరణ మీద విరుచుకుపడ్డాడు. ఆయన ఈజిప్టులో, కైరో పక్కన ఫుస్తాత్‌లో ఉంటూ సలాదీన్ మంత్రి కొలువులో వైద్యం చేసినవాడు. మందుల పేర్లకు నిఘంటువు కూర్చినవాడు. ఆకలేసినవాడు రొట్టె తిని ఆకలి తీర్చుకుంటే దేవుణ్ణి నమ్మనట్టా అని ఆయన ప్రశ్న. రొట్టె ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పేవాడు మందు ఇచ్చినందుకు కూడా చెప్పాలి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ వాదంలో నాకు లోపం కనిపించదు.

పూజా ద్రవ్యమే రోగాన్ని ఆపిన సందర్భం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. సంఖ్యాకాండములో తెగులు పుట్టి జనం రాలిపోతుంటే అహరోను ధూపార్తి పట్టుకుని, చచ్చినవాళ్లకూ బతికినవాళ్లకూ నడుమ నిలబడతాడు. తెగులు ఆగిపోతుంది. ఆ ధూపంలో పదకొండు సుగంధాలు కలిసేవని తల్మూదు లెక్క. మరి ఇంత శక్తి ఉన్నదాన్ని ఇంటింటా వేసుకోవచ్చుగా? అక్కడే అడ్డు. ఆ పాళ్లలో కలిపిన ధూపాన్ని సొంత వాసన కోసం చేసుకున్నవాణ్ణి జనంలోంచి కొట్టివేయాలని నిర్గమకాండము 30వ అధ్యాయం శాసిస్తుంది. గుడిలోనిది గుడిలోనే.

ఇప్పుడు నాలుగు రకాల దగ్గరికి తిరిగి వద్దాం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చే సుక్కోత్, అంటే పర్ణశాలల పండుగలో ఒక ఖర్జూరపు లులావ్, మూడు హదాస్ రెమ్మలు, రెండు నిరవంజి రెమ్మలు కలిపి కట్టి కుడిచేతిలో, ఎత్రోగ్‌ను ఎడమచేతిలో పట్టి నాలుగు దిక్కులకూ, మీదికీ కిందికీ ఆడిస్తారు. లులావ్ అంటే విచ్చుకోని ఖర్జూరపు ఆకు. దీనికి తెలుగులో అచ్చమైన మాట ఉంది: మొవ్వు. 92వ కీర్తనలో 'నీతిమంతులు ఖర్జూర వృక్షమువలె మొవ్వు వేయుదురు' అని చదివేటప్పుడు ఆ మొవ్వే యూదుల చేతిలో ఉండేదని మనకు తోచదు.

వీటి అర్థాలు ఒకటి కాదు. వెన్నెముకలా నిటారుగా ఉండే లులావ్, కన్ను ఆకారంలో ఉండే హదాస్ ఆకు, పెదవుల్లాంటి నిరవంజి ఆకు, గుండెలాంటి ఎత్రోగ్: ఒళ్లంతా కలిసి స్తుతిస్తోందని మిద్రాష్ అనే పాత వ్యాఖ్యాన సాహిత్యంలో ఒక వ్యాఖ్య. ఎత్రోగ్‌కు రుచీ వాసనా రెండూ ఉన్నాయి, ఖర్జూరానికి రుచే ఉంది, హదాస్‌కు వాసనే ఉంది, నిరవంజికి ఏదీ లేదు. చదువూ సత్కార్యమూ ఉన్నవాళ్లు, ఒకటే ఉన్నవాళ్లు, ఏదీ లేనివాళ్లు అందరూ ఒకే కట్టలో ఉంటేనే ఒకరి లోటు ఒకరు పూడుస్తారని అదే చోట మరో వ్యాఖ్య. ఇవి అందరూ చెప్పేవే. నాకు ఎక్కువ నచ్చేది తల్మూదులోని తానీత్ ప్రకరణంలో ఉంది. ఈ నాలుగూ నీళ్లు లేకపోతే బతకవు, అలాగే లోకమూ నీళ్లు లేకపోతే బతకదు. వీటిని ఎత్తి చూపడం వాన కోసం పెట్టుకునే మొర. పండుగ ముగిసేసరికి అక్కడ వానాకాలం మొదలు కావాలి. ఆకాశం వైపు చూసి సాగు చేసేవాళ్లకు ఈ వివరణ ఎక్కడైనా ఇట్టే అర్థమవుతుంది.

ఎత్రోగ్ అసలు పుట్టిల్లు హిమాలయాల దిగువ, ఈశాన్య భారతం వైపు. అక్కడినుంచి పర్షియా మీదుగా పశ్చిమానికి నడిచింది. జెరూసలేం పక్కన రామత్ రాహేల్‌లో తవ్విన పర్షియా కాలపు రాజోద్యానంలో, గోడల గారలో అంటుకుపోయిన ఎత్రోగ్ పుప్పొడి దొరికింది. క్రీ.పూ. 5, 4 శతాబ్దాల నాటిది. ఎత్రోగ్ అన్న మాట పర్షియన్ తురంజ్ నుంచి వచ్చింది. దాని వెనక మన మాతులుంగం ఉందని కొందరు భాషావేత్తలు అంటారు. కొల్హాపూర్ మహాలక్ష్మి చేతిలో ఉన్నది ఆ మాతులుంగమే, మహాగణపతి ధ్యానశ్లోకం మొదలయ్యేదీ బీజాపూరంతోనే. ఇక్కడ పండు దేవత చేతిలో ఉంది. రూపం లేని దేవుణ్ణి కొలిచే చోట అదే పండు భక్తుడి చేతిలోకి వచ్చింది. చరకసంహిత దీన్ని అరుచికీ వాంతికీ ఎక్కిళ్లకూ చెప్పింది. మన వాడుకలో ఊరగాయగా, పులిహోరగా, 'దబ్బపండు ఛాయ' అన్న పొగడ్తగా మిగిలింది. ఆ పొగడ్తకూ, 'సొగసైన చెట్టు పండు' అన్న హీబ్రూ మాటకూ ఎంత దగ్గరో చూడండి.

పండుగ ముందు జెరూసలేంలోనో, న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనో ఎత్రోగ్ బేరం చూడాల్సిందే. నారలో పొదిగిన కాయను అట్టపెట్టెలోంచి జాగ్రత్తగా తీస్తారు. నగల దుకాణంలో రాయిని చూసినట్టు భూతద్దం కంటికి పెట్టుకుని, ముచ్చిక నుంచి కొన దాకా తిప్పితిప్పి చూస్తారు. కొన వైపు, రాలిపోకుండా నిలిచిన పూవు కీలాగ్రం చిన్న ముక్కులా ఉంటుంది. దాన్ని పితమ్ అంటారు. పుట్టుకతోనే పితమ్ లేని కాయ చెల్లుతుంది. ఉండి విరిగిపోతే చెల్లదు. నిమ్మతో అంటుకట్టిన చెట్టు కాయ కూడదన్న వాదం 16వ శతాబ్దం నుంచి నడుస్తోంది. ఇంత చేసి కొన్న కాయను కోస్తే లోపల అంగుళం మందాన తెల్లటి దూదిలాంటి తొక్క, నడుమ పిడికెడు గింజలు, పేరుకు కాస్త పులుపు. అయినా పండుగ ఏడు రోజులూ దాన్ని తినకూడదు. ఆజ్ఞ కోసం పక్కన పెట్టినది అది.

తినడం, దానితో మందు కోరుకోవడం అంతా ఆ తర్వాతి సంగతి. గర్భిణి ఎత్రోగ్ తింటే బిడ్డ సువాసనతో పుడుతుందని తల్మూదులో ఉంది. పర్షియా రాజు షాపూర్ కూతురి తల్లి అలా తిన్నదట, ఆ పిల్లను తండ్రి ముందుకు సుగంధాలన్నిటికన్నా ముందు తెచ్చేవారట. మూత పెట్టని నీళ్లు తాగి, అందులో పాము విషం పడిందేమో అని భయపడ్డవాడికి ఇంకో చిట్కా ఉంది: తియ్యటి ఎత్రోగ్‌ను తొలిచి, తేనె నింపి, నిప్పుల మీద పెట్టి తినమని. అంతకు ముందే క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ఇది విషానికి విరుగుడనీ, బట్టల్లో పెడితే పురుగు పట్టదనీ రాశాడు.

తూర్పు యూరపు యూదు ఆడవాళ్ల ఆచారం ఒకటి సరిగ్గా ఈ గీత మీదే నిలబడుతుంది. ఏడో రోజు, హోషానా రబ్బా నాడు, ఎత్రోగ్ పని పూర్తయ్యాక గర్భిణులు పితమ్ కొరికి, దానధర్మం చేసి, సుఖప్రసవం కోసం ప్రార్థించేవాళ్లు. ఆడవాళ్ల కోసం యిద్దిష్ భాషలో రాసిన త్సేనా ఉరేనా అనే పుస్తకంలో ఆ ప్రార్థన ఉంది. ఏదెను తోటలోని తినకూడని పండు ఎత్రోగే అన్న పాత అభిప్రాయం దానికి ఆధారం. హవ్వ తిన్నందుకు స్త్రీకి ప్రసవవేదన వచ్చిందంటారు, ఈ ఏడు రోజులూ నేను దీన్ని తినాలనుకోలేదు, ఆనాడు నేనున్నా తినేదాన్ని కాను, నా నొప్పి తగ్గించు అని ఆమె మొర. ఇందులో మందు ఏమీ లేదు. కానీ ప్రాణం మీదికి వచ్చే కాన్పు ముందు, పండితుల భాషలో కాక ఇంటి భాషలో, ఒక స్త్రీ తన తరఫున తానే వాదించుకోవడం ఉంది. ఎత్రోగ్ గురించి నేను చదివిన వాటన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. పండుగ తర్వాత కాయను నానబెట్టి, చేదు పోయేదాకా నీళ్లు మార్చి, పంచదారతో ఉడికించిన మురబ్బాను కాన్పు దగ్గరపడ్డవాళ్లకు పెట్టడం నేటికీ ఉంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అందం కోసం పెంచే కాయలు గనుక పురుగుమందులు దండిగా కొడతారు. తినాలనుకుంటే మందు కొట్టని కాయనే వెతుక్కోవాలి.

నిరవంజి గతి ఇంకో రకం. వ్యాఖ్యాతలు రుచీ వాసనా లేదన్న ఈ చెట్టు బెరడులోనే నొప్పులు తగ్గించే సాలిసిన్ ఉంది. 1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు జ్వరాలకు దీని బెరడు పనిచేస్తోందని రాయల్ సొసైటీకి రాశాడు. 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ దాని సారాన్ని విడదీశాడు. 1897లో ఆ దారిలోనే ఆస్పిరిన్ వచ్చింది. అందుకని సుక్కోత్‌లో నిరవంజి పట్టడం వెనక ప్రాచీనుల రహస్య వైద్యం ఉందనడం తగదు. దేవాలయం ఉన్న రోజుల్లో జెరూసలేం దిగువన మోత్సా నుంచి పొడవాటి నిరవంజి కొమ్మలు తెచ్చి బలిపీఠం చుట్టూ నిలబెట్టేవారు. నేటికీ ఏడో రోజున రెమ్మలు నేలకేసి కొడితే ఆకులు రాలి చెల్లాచెదురవుతాయి. నీళ్ల ఒడ్డున తప్ప బతకని చెట్టు అది, తెంపితే నాలుగింటిలో ముందు వాడిపోయేదీ అదే. దాని భాష నీళ్ల భాష.

హదాస్‌ది వాసన. శరీరానికి కాక ఆత్మకు సుఖమిచ్చేది వాసనే అని తల్మూదు అంటుంది. విశ్రాంతి దినం ముగిసే సాయంత్రం, ఆ రోజుకు తోడుగా వచ్చిన అదనపు ఆత్మ వెళ్లిపోయే దిగులుకు సేదగా సుగంధాలు వాసన చూస్తారు. చాలా ఇళ్లలో హదాస్ రెమ్మో, లవంగాలు గుచ్చిన ఎత్రోగో అందుకు వాడతారు. రోగం కాదు గాని, దిగులుకు ఇచ్చే ఉపశమనం ఇది. ఆచారమే ఊరటగా మారిన చోటు ఇదొక్కటి అనుకుంటాను. ఎస్తేరు రాణి అసలు పేరు హదస్సా, ఈ చెట్టు పేరే. 1912లో హెన్రియెట్టా సోల్డ్ న్యూయార్క్‌లో మొదలుపెట్టిన స్త్రీల సంఘం ఆ పేరు పెట్టుకుంది. ఆ సంఘమే జెరూసలేంలో ఆస్పత్రులు కట్టింది.

ఆ హదస్సా ఆస్పత్రిలోనే సహజ వైద్య పరిశోధన కేంద్రం నడిపే డాక్టర్ సారా సాలోన్‌కు ఒక ఆలోచన వచ్చింది. మందుగా పేరుపడి మాయమైన యూదయ ఖర్జూరాన్ని మళ్లీ మొలకెత్తించవచ్చా? 1960లలో మసాదా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు రెండు వేల ఏళ్ల నాటి గింజలను ఆమె అడిగి తీసుకుంది. 2005లో కెతూరా అనే ఊళ్లో ఎలేన్ సొలోవే వాటిని నాటితే ఒకటి మొలిచింది. బైబిలులో అందరికన్నా ఎక్కువకాలం బతికిన మనిషి పేరు మీద దానికి మెతూషెలా అని పేరు పెట్టారు. అది మగచెట్టు. తర్వాత మొలిచిన వాటిలో హన్నా అనే ఆడచెట్టు పూసి, మెతూషెలా పుప్పొడితో 2020లో కాయలు కాసింది.

వాళ్లు నాటిన ఇంకో గింజ సంగతి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. యూదయ ఎడారి గుహలో దొరికిన, సుమారు వెయ్యేళ్ల నాటి ఆ గింజను 2010లో నాటారు. మొలిచిన చెట్టుకు షెబా అని పేరు పెట్టారు. అది కొమ్మిఫొరా జాతిది, అంటే మన గుగ్గులు చెట్టు చుట్టం. ప్రాచీన ప్రపంచం బంగారంతో తూచిన ఏన్గెదీ పరిమళ తైలపు చెట్టు ఇదేనేమో అని ముందు ఆశపడ్డారు. ఆకులకు వాసనే లేదు. 2024లో అచ్చయిన పరిశోధనలో దాని ఆకుల్లో, బంకలో వాపు తగ్గించే, గాయం మాన్పే గుణాలతో ముడిపడిన పదార్థాలు కనిపించాయి. గుగ్గులు జాతిలో ముందే తెలిసిన గుగ్గుల్‌టెట్రాల్‌లను పోలినవీ కనిపించాయి. సువాసన లేని, మందు గుణం ఉన్న ఈ చెట్టు బైబిలులోని 'త్సోరి' కావచ్చని వాళ్ల ఊహ.

త్సోరి గురించి యిర్మీయా అడిగిన ప్రశ్న తెలుగు బైబిలులో ఇలా ఉంది: 'గిలాదులో గుగ్గిలము ఏమియు లేదా? అక్కడ ఏ వైద్యుడును లేడా?' మన పూజాసామగ్రి కొట్లలో గుగ్గిలం పేరుతో దొరికేది చాలాసార్లు సాలవృక్షపు బంక. కానీ ఆ మాట పుట్టింది సంస్కృతపు గుగ్గులు నుంచే. అనువదించినవాళ్లకు ఈ చెట్టు సంగతి తెలిసే వీలు లేదు. వాళ్లకు అందిన మాట మాత్రం దాని చుట్టాల ఇంటి పేరే అయింది. 2024 నాటికి షెబా సుమారు మూడు మీటర్ల ఎత్తు పెరిగింది. ఆ పరిశోధన అచ్చయ్యే నాటికి ఇంకా పూయలేదు. పువ్వు చూస్తే గాని అది ఏ జాతో ఖాయంగా చెప్పలేమన్నారు.